కొస కుళాయి

ఒక మంచినీటి పథకము బాగోగులు తెలిసికొనగోరువారు సాధారణముగా దాని మొదటికి పోవుదురు. అచట ఆనకట్ట యుండును, ఇనుప తలుపులుండును, పంపుల హోరుండును, ప్రారంభోత్సవము జరిపిన ప్రముఖుల పేళ్ళు చెక్కిన శిలాఫలకముండును. వివరించి చెప్పుటకు ఇంజనీరుండును, కన్నులార చూచుటకు జలవైభవముండును. నాకు మాత్రము చిరకాలముగా ఒక విశ్వాసము స్థిరపడియున్నది: పథకము గుణము దాని మొదట తెలియదు, కొసను తెలియును. పది ఊళ్ళు దాటి, నూరు మలుపులు తిరిగి, చిట్టచివరి ఇంటి ముంగిట ఇసుకలో నాటిన సన్నని గొట్టమునుండి ఏ వేళకు, ఎంత ధారగా, ఎంత శుభ్రముగా నీరు వచ్చుచున్నదో చూచినవాడే ఆ పథకమును చూచినవాడు. నెల్లూరు సముద్రతీరమును ఎరిగినవానికి ఈ విశ్వాసము కలుగుటలో వింత లేదు. ఏలయన నదికిని, కాలువకును, గొట్టమునకును, గ్యాసు బండికిని ఈ తీరమే కొస.

కర్ణాటకమున నందిదుర్గపు కొండలలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రవహించి ఊటుకూరు చెంత సముద్రమున కలియుచున్నది. ఆ నదిపై మన పూర్వులును మన సమకాలికులును కట్టినవి అల్పమైన కట్టడములు కావు. 1855లో నెల్లూరు ఆనకట్టయు, 1880వ దశకమున సంగము ఆనకట్టయు వెలసినవి. సోమశిల వద్ద 78 టీఎంసీల జలాశయమును, దానినుండి నీరు పొందు కండలేరున 68 టీఎంసీల జలాశయమును ఏర్పడినవి. పాత ఆనకట్టల చెంతనే సంగమునందును నెల్లూరునందును కట్టిన కొత్త బ్యారేజీలు రెండును 2022 సెప్టెంబరు 6వ తేదీన ఒక్కనాడే ప్రారంభమైనవి. 1866లో పురపాలక సంఘముగా మొదలై 2004లో నగరపాలక సంస్థయైన నెల్లూరు ఈ నది ఒడ్డుననే, రంగనాయకుల గాలిగోపురము కనుచూపులోనే పెరిగినది. ఇంత నీరును ఇన్ని కట్టడములును గల జిల్లాలో దాహము మాట యెత్తుట అనుచితముగా తోచవచ్చును. కాని నదినుండి తూర్పునకు తిరిగి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలముల పచ్చని వరిమళ్ళను దాటి, రొయ్యల గుంటల గట్లమీదుగా, సరుగుడు తోపుల నడుమనుండి బకింగుహాము కాలువ దాటి జాలరుల పాళెములను చేరునప్పటికి, సోమశిలలో సముద్రమువలె కనిపించిన ఆ జలరాశి వ్రేలెడు ధారయై మిగులుచున్నది.

అట్టి యొక పట్టపుపాళెమున చూచిన కుళాయిని గూర్చి చెప్పవలెను. వీధి మొగమున సిమెంటు దిమ్మె యొకటి, దాని నడుమ నడుమెత్తు ఇనుప గొట్టము, గొట్టమునకు కుళాయి తల, ఇవన్నియు పథకము పెట్టిననాడు పెట్టినట్లే యున్నవి. కాని ఆ దిమ్మెమీద ఎండుటకు వల పరచియుండెను, గొట్టమునకు మేకను కట్టియుండిరి. నీరు పట్టుచోటు దానికి బారెడు దూరముననున్న గుంట. మూరెడు వెడల్పున, నడుములోతున ఇసుక తవ్వి, ఇసుక జారకుండ సిమెంటు సంచులు పేర్చి, దిగుటకు రెండు మెట్లు చేసి, భూమిలో పారు ప్లాస్టిక్కు గొట్టమును ఆ గుంటలో కోసియుంచిరి. ఒక నడివయసు ఇల్లాలు లోపల గొంతుకూర్చుండి, కోసిన గొట్టము నోటి క్రింద సత్తుగిన్నె పెట్టి, నిండినంతనే పైనున్న కూతురికి అందించుచుండెను. కూతురు నీలిరంగు బిందె నోటికి పాత చీరచెరగు వాసెన కట్టి, దానిలో వంచుచుండెను. నీరు ఏకధారగా రాదు. మొదట గొట్టము బుస కొట్టును, పిదప ఎర్రని నీరు చిమ్మును, పిదప తెల్లని నీరు సన్నగా సాగును. బిందె నిండుటకు పట్టుచున్న కాలమును చూచి, నీళ్ళు ఏ వేళకు వచ్చునని అడిగితిని.

"వేళా పాళా ఉంటే ఇంకేం సామీ," అనెను ఆమె, గిన్నెమీదనుండి చూపు త్రిప్పకయే. "ముందు గాలి వస్తాది, ఆ పైన ఎర్రనీళ్ళు వస్తాయి, ఆ పైన మంచినీళ్ళు. మంచినీళ్ళు వచ్చి రెండు బిందెలు పట్టుకునే లోపల ఆడ కట్టేస్తారు. ఎగవన మోటర్లు యేసుకున్నోళ్ళకి మోటరు నీళ్ళు, మాకు గుంట నీళ్ళు."

ఆ ఇల్లాలు ప్రతి ఉదయమును చేపల గంపతో ఊళ్ళమీదికి పోవలసినది. నీరు రానిదే పోలేదు, పోయినచో నీరు పట్టువారు లేరు, బడికి పోవలసిన కూతురును ఇంట నిలుపవలసివచ్చును. నీటి కొరతను లీటర్లలో లెక్కించు మనము ఆ గుంట గట్టున గడచిన గంటలను లెక్కలో చేర్చుట లేదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జలజీవన పథకమునందు మనిషికి దినమునకు 55 లీటర్లని ప్రమాణము పెట్టిరి. అది మంచి ప్రమాణమే. కాని ఏ వేళకు వచ్చునో తెలియని 55 లీటర్లు ఒక మనిషి దినమునంతయు కట్టివేయును, తెలిసిన వేళకు వచ్చు నలుబది లీటర్లు ఆ మనిషిని పనికి పంపును. పట్టణమున కుళాయి పన్ను కట్టు గృహస్థుడైనను, పాళెమున బిందె పట్టు ఇల్లాలైనను నీటిశాఖనుండి నిజముగా కోరునది ఈ నిశ్చింతయే.

గుంట ఎందుకు తవ్వవలసివచ్చినదో ఆలోచింపుడు. ఊరి నడుమ ఎత్తైన ట్యాంకునుండి నీరు దిగునప్పుడు ఆ ఎత్తే దానికి బలము. గొట్టములో సాగిన కొలదిని రాపిడిచేత ఆ బలము తరుగుచుండును. గొట్టము సన్నమైనకొలదిని, మలుపులు పెరిగినకొలదిని, దారిలో కుళాయిలు విప్పినకొలదిని మరింత తరుగును. కొస చేరునప్పటికి నేలనుండి నడుమెత్తు లేచుటకైనను శక్తి చాలదు. నీరు లేవలేనప్పుడు మనిషియే దిగవలెను; అందుచేతనే గుంట. దారిలోని ఇండ్లవారు కొందరు ఈ తరుగుదలను సహింపలేక గొట్టమునకు నేరుగా చిన్న మోటారు బిగింతురు. ఆ మోటారు తన ఇంటికి నీటిని లాగుటతో ఆగదు. దిగువనున్న గొట్టములోని నీటిని గూడ వెనుకకు పీల్చును. ఒకరు బిగించినచో ప్రక్కవారును బిగింపక తప్పదు. అట్లు వీధి వీధియంతయు మోటారులమయమై, చివరి పది ఇండ్లు ఎండిపోవును.

ఈ దోషము మనకాలమునదియు కాదు, మన దేశమునదియు కాదు. క్రీ. శ. 97లో రోమునగర జలాధికారిగా నియమింపబడిన ఫ్రాంటినసు తన నగరపు నీటికాలువలను గూర్చి ఒక గ్రంథము రచించెను. గొప్ప సేనానియు, రాజ్యపాలకుడును అయిన ఆ పెద్దమనిషి, కొలువున చేరినంతనే, కాలువల మొదటి కొలతకును చివరి కొలతకును గల వ్యత్యాసమును లెక్కగట్ట మొదలిడెను. నీటిపనివారు లంచము గొని గొట్టములకు రహస్యముగా రంధ్రములు వేయుటయు, ముద్ర లేని పెద్ద గొట్టములు బిగించుటయు, పొలములవారు దారిలోనే కాలువను గండికొట్టుటయు ఆయన కనిపెట్టి వ్రాసెను. రోము కాలువల తోరణములను వర్ణించినవారు వేలకొలది గలరు. వాని నీరు చేరవలసినచోటికి చేరుచున్నదా యని కొలిచినవాడు ఆయన. పందొమ్మిది శతాబ్దులు గడచిన పిదపను జలాధికారులకు ఆయనకంటె మంచి గురువు కనబడడు.

కొసను కొలువవలెనను సూత్రము మన ఇంజనీర్లకు తెలియనిదియు కాదు. నీటిని శుద్ధిచేయుటకు క్లోరిను కలుపుదురుగదా, అది చాలినంత కలిపిరో లేదో చూచుటకు మొదట పరీక్షించిన లాభము లేదు. దారిలోని మలినముతో పోరాడి పోరాడి అది క్షీణించును. అందుచేత వినియోగదారుని కుళాయివద్ద, అనగా వ్యవస్థలో దూరపు కొసనుగూడ, లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము నిర్దేశించుచున్నది. శుద్ధి విషయమున కొస కుళాయికి ఇచ్చిన ఈ గౌరవము పరిమాణము విషయమునను, వేళ విషయమునను ఏల ఇయ్యరాదు? పైగా ఈ మూడును వేరువేరు సంగతులు కావు. రోజులో ఒక్క గంట నీరు వదలి తక్కిన కాలము గొట్టమును ఖాళీగా నుంచినప్పుడు లోపల శూన్యమేర్పడి, అతుకుల సందులనుండి వెలుపలి మురుగును అది లోనికి పీల్చుకొనును. పాళెపు గుంటలో వానకాలమున బురదనీరు నిలిచి, అందులో కోసిన గొట్టము మునిగియుండును. పైనుండి నీరు ఆగినంతనే ఆ బురద గొట్టములోనికి పోవును, మరునాటి ఎర్రనీరు అదియే. ఒత్తిడి లేనిచోట శుభ్రతయు నిలువదు, వేళ లేనిచోట ఒత్తిడియు నిలువదు.

కుళాయి రాకమునుపు ఈ తీరము కొసయై యుండలేదు. తన నీరు తనకే యుండెను. సముద్రమునకు కూతవేటు దూరమున ఇసుకతిన్నెలో మోకాటిలోతు చెలమ తీసినచో తీయని నీరు ఊరెడిది. ఉప్పుసముద్రము ప్రక్కనే తీపినీరు పుట్టుట అద్భుతముగా కనబడునుగాని అందులోని ధర్మము సులభము. తిన్నెలమీద కురిసిన వాన ఇసుకలో ఇంకి, క్రింద వ్యాపించియున్న బరువైన ఉప్పునీటిమీద తేలియాడుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక్క అడుగు తీపినీరు నిలిచియున్నచో, ఆ మట్టమునకు దిగువన సుమారు 40 అడుగుల మేర తీపినీరే యుండునని పందొమ్మిదవ శతాబ్ది చివర హాలెండు, జర్మనీ దేశముల ఇంజనీర్లు తమ తీరములను పరిశీలించి కనుగొనిరి. మన పాళెముల ఆడువారు ఆ లెక్క నేర్వకయే ఆ నీటిని ఎట్లు తీయవలెనో ఎరిగియుండిరి: లోతుగా తవ్వరాదు, చేద ముంచి కలచరాదు, చిప్పతోనో ముంతతోనో పైపైన తేర్చి తీసికొనవలెను, ఊరుటకు కొంతసేపు విడువవలెను. ఆ లెక్కయే తలక్రిందైనప్పుడు ఎంత ప్రమాదకరమో చూడుడు. మోటారు పెట్టి పైమట్టమును ఒక్క అడుగు దించినచో క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చును. ఒకసారి ఉప్పుబారిన ఇసుక మరల తీపెక్కుటకు ఎన్నో వానకాలములు గడవవలెను.

1990వ దశకపు తొలినాళ్ళలో రొయ్యల సాగు ఈ తీరమును ఒక్కుమ్మడిగా ఆక్రమించెను. గుంటలలోనికి ఎత్తిన ఉప్పునీరు గట్లక్రిందినుండి ప్రక్క పొలములలోనికిని, బావులలోనికిని ఊటయై దిగెను. గుంటనీటిని పలుచన చేయుటకై భూగర్భపు తీపినీటిని గూడ తోడిరి. రెండు విధములను నష్టపోయినది తీపినీటి పొరయే. ఈ వివాదము దేశపు అత్యున్నత న్యాయస్థానమువరకు పోగా, 1996 డిసెంబరు 11న వెలువడిన తీర్పు తీర నియంత్రణ మండలములో రొయ్యల పరిశ్రమను నిషేధించుచు, నష్టపోయినవారికి పరిహారము మాటకూడ పలికినది. తరువాత 2005లో వచ్చిన చట్టము ఆ సాగును నియమములతో క్రమబద్ధము చేసినది. రొయ్య ఈ జిల్లాకు తెచ్చిన సంపదను నేను కాదనను. ఎన్నో కుటుంబములు దానివలన నిలదొక్కుకొన్నవి. కాని దాని లెక్కపుస్తకములో ఉప్పుబారిన బావుల పద్దు కనబడదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ కెరటము ఉప్పునీటిని బావులలోనికి నేరుగానే తెచ్చి పోసినది. ప్రకృతి చేసిన ఆ గాయమునకు సానుభూతి వెంటనే లభించినది, మనుష్యులు మెల్లగా చేసిన గాయమునకు లభింపలేదు.

అట్లు చెలమలు పోయినవి, బావులు పోయినవి. తన నీటికి తానే మొదలైయుండిన పాళెము పరుల నీటికి కొసయైనది. కుళాయి వారికి అదనపు సౌఖ్యముగా రాలేదు, పోగొట్టుకొన్నదానికి బదులుగా వచ్చినది. బదులు ఇచ్చునప్పుడు సరితూకముగా ఇయ్యవలెను. ఆ తూకము కుదరనిచోట ఇరువది లీటర్ల క్యాను ఆటోలో వచ్చి వీధి మొగమున కేక వేయుచున్నది. వాడుకకు గుంటనీరు, త్రాగుటకు కొనుగోలునీరు అని ఇల్లు రెండు నీళ్ళ కాపురమైనది. 2014 అక్టోబరు 2న రాష్ట్రప్రభుత్వము రెండు రూపాయలకు ఇరువది లీటర్ల శుద్ధజలమను సంకల్పముతో సుజల పథకమును ప్రారంభించినప్పుడు ఆ భారము కొంత తగ్గునని ఆశ కలిగినది. ఐనను నీటికి బజారు ఏర్పడిన పిదప అతి బీదవాడే లీటరుకు అధిక మూల్యము చెల్లించుట లోకమంతట కనబడుచున్నది.

నీటితోబాటు నిప్పుమాటయు చెప్పవలెను. ఇల్లు రెంటిమీదను నిలిచియున్నది. ఈ తీరమున వరుసలు వరుసలుగా కనబడు సరుగుడు చెట్టు ఆస్ట్రేలియా ఖండమునుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దిలో రైలుబండ్ల ఇంధనము కొరకు చెన్నపురి రాజధాని తీరమున దానిని విస్తారముగా నాటించిరి. 1876–78 నాటి ఘోరక్షామమున కూలిపనిగా పొడిగింపబడి, ఆనాటి గవర్నరు పేర బకింగుహాము కాలువయైన జలమార్గముననే ఆ సరుగుడు కట్టె పడవలకెక్కి దక్షిణమునకు సాగెను. మదరాసు మహానగరపు పొయ్యిలలో మండినది చాలవరకు ఈ ఇసుకతిన్నెల కట్టెయే. తెరచాప గాలికి నిండనినాడు పడవవాండ్రు గట్టుమీద నడుచుచు త్రాడు పట్టి లాగుకొనిపోయిన ఆ కట్టెలమోపులు తలచుకొన్నప్పుడు, నిప్పు విషయమున ఈ తీరము ఒకప్పుడు దాతయై యుండినదని నాకు గర్వము కలుగును. అదే కాలమున ఈ పాళెముల పొయ్యిలలో రాలిన సరుగుడాకును, తాటిమట్టయు, పిడకయు మండి, తాటాకు కప్పుల క్రింద ఆడువారి కన్నులను పొగలో ముంచినవి.

1999 జులైలో ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన దీపం పథకము స్వయంసహాయక సంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షను చేర్చినది. సారా వ్యతిరేకోద్యమమును లేవదీసి రాష్ట్రమును కదలించిన ఈ జిల్లా స్త్రీలకు అది చిన్న విషయము కాదు. 2016లో కేంద్రము ఉజ్జ్వలను, 2024 నవంబరు 1న రాష్ట్రము ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం–2ను ప్రారంభించినవి. పొగ తగ్గినది; ఇది కన్నులకు కనబడు మేలు, దీనిని మనసార కొనియాడవలెను. కాని ఇక్కడను కొస కొసయే. ఇసుకదారిలో బండి దిగబడునను భయముచేత సిలిండరు తారురోడ్డు చివరనే దింపబడును. అక్కడినుండి తలమీదనో, సైకిలు మీదనో ఇంటికి చేర్చుకొనవలెను. గ్యాసు 14.2 కిలోలు, ఇనుప తొడుగు మరి పదునైదు కిలోలకు పైమాట. సిలిండరు అందినదనుటకు ఫోనుకు వచ్చు ఓటీపీ సంఖ్య చెప్పవలెను. ఇంటికి ఒక్కటే ఫోను, అది పెనిమిటితో పడవలో సముద్రముమీద నుండును. తూకము వేసి ఇమ్మని అడుగుట వినియోగదారుని హక్కనియు, సిలిండరు మెడవద్ద ముద్రించిన అక్షరమును సంవత్సరమును తరువాతి పరీక్షా గడువును తెలుపుననియు ఎంతమందికి ఎవరు చెప్పిరి? గ్యాసుకు వాసన లేదు, ప్రమాదము తెలియుటకై ఆ దుర్గంధమును కావలెననియే కలుపుదురు. అది గాలికంటె బరువైనది కావున నేలబారున నిలుచును, కిటికీకంటె ముందు వాకిలి తెరువవలెను. ఈ నాలుగు మాటలు సిలిండరుతోబాటు ప్రతి గడపకు చేరవలసినవి.

విజయవాడ, కాకినాడ వంటి పట్టణములలో కొన్ని ఇండ్లకు గొట్టముద్వారానే గ్యాసు వచ్చుచున్నది. ఆ ఏర్పాటును గూర్చి తెలిసికొన్నప్పుడు నాకొక సంగతి మనసున నాటుకొనిపోయినది. వీధి మొదటి ఇంటనైనను చివరి ఇంటనైనను పొయ్యివద్ద గ్యాసు ఒత్తిడి ఒక్కటియే, సుమారు 21 మిల్లీబారులు. పెద్దగొట్టములో ఎంత ఒత్తిడియున్నను, దానిని అంచెలంచెలుగా తగ్గించి, ఇంటి ముంగిట రెగ్యులేటరు పెట్టి, ఆ సంఖ్య తప్పకుండ కాపాడుదురు. ఏలయన, చివరి ఇంట ఒత్తిడి పడిపోయి మంట ఆరి, మరుక్షణము గ్యాసు తిరిగి వచ్చినచో ఆ ఇల్లు వల్లకాడగును. గ్యాసు గొట్టము ఒకసారి పగిలిన ఫలితమేమో 2014 జూన్ 27న నాటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరం గ్రామము మనకు చూపినది. అందుచేత గ్యాసు వ్యవస్థలో కొస యిల్లు మొదటి యింటితో సమానముగా లెక్కింపబడుచున్నది. నీటికిని ఇదియే ఏర్పాటు సాధ్యమని దీనివలన స్పష్టమగుచున్నది. గొట్టము గొట్టమే, ఒత్తిడి ఒత్తిడియే, కొలుచు పరికరములు కలవు, చదివిన ఇంజనీర్లు కలరు. గ్యాసు ఆగినచో ఆనాడే ప్రాణము పోవును. నీరు సన్నగిల్లినచో ప్రాణము ఆనాడు పోదు. బిడ్డ విరేచనములుగా, ఆడుదాని నడుమునొప్పిగా, బడి మానిన పిల్లగా, ఏండ్లకు ఏండ్లుగా కొద్దికొద్దిగా పోవును. కనుక సహించుచున్నాము. సహించుట మన చేతకానితనమువలన కాదు, తొందర లేకపోవుటవలన.

మరియొక నిదర్శనము మన జిల్లాలోనే కలదు. తెలుగుగంగ ఒడంబడిక ప్రకారము మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తలకొక అయిదు టీఎంసీల కృష్ణాజలము చెన్నైకి విడువవలెను. ఆ పదునైదింటిలో మూడు టీఎంసీలు దారిలో ఆవిరియై ఇంకిపోవునని ముందే లెక్కవేసి, మిగిలిన పన్నెండును తమిళనాడు సరిహద్దువద్ద అప్పగింపవలెనని వ్రాసికొనిరి. 1996లో ఆ నీరు మొట్టమొదట చెన్నై ముఖము చూచినది. తరువాత సత్యసాయి ట్రస్టు పూనుకొని కండలేరు–పూండి కాలువను బాగుచేయించినది. కండలేరునుండి సరిహద్దువరకు 152 కిలోమీటర్ల దూరము. కొలత మాత్రము సరిహద్దున. ప్రతి ఏడును పన్నెండు టీఎంసీలు చేరలేదు, అది వేరుమాట. దప్పిగొన్న మహానగరమునకు నీరిచ్చుట పుణ్యకార్యము, ఒకప్పుడు కట్టె పంపిన చేతులే ఇప్పుడు నీరు పంపుచున్నవి, అందుకు నాకు చింత లేదు. నేను గమనింపుమనునది ఒడంబడికలోని వివేకమును. విడిచిన నీటిని కాదు, అందిన నీటిని లెక్కించవలెనని ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వములు రెండును సంతకము చేసినవి. రాష్ట్రమునకు రాష్ట్రమునకు నడుమ చెల్లిన న్యాయము ట్యాంకుకును పాళెమునకును నడుమ ఏల చెల్లరాదు? ఇప్పుడు మన నివేదికలలో ఇన్ని ఇండ్లకు కుళాయి బిగించితిమని వ్రాయుచున్నారు. బిగించినది ఇనుము, అందినదేమో వ్రాయుట లేదు.

చెరువుల కాలమున ప్రతి ఊరను నీరుగంటి యుండెడివాడు. పార భుజమున వేసికొని రాత్రింబవళ్ళు కాలువగట్టు వెంట తిరిగి, ఎగువవాడు గండి కొట్టకుండ, దిగువవాని మడి ఎండకుండ వంతులు నడుపుట వాని ధర్మము. పంట వచ్చినప్పుడు కళ్ళములో వానికి మేర కొలుచుట ఊరి ధర్మము. కొస మడి ఎండినచో వాని మొగము ఊరిలో చెల్లకుండెడిది. నేటి వాల్వు త్రిప్పు మనిషి ఆ నీరుగంటి వారసుడు. కాని చాలచోట్ల వాడు కాంట్రాక్టు కూలి, నెల జీతము నెలకు రాదు, వాని చేతిలో ఒత్తిడి కొలుచు గడియారమైనను ఉండదు; ఎగువవారి కోపమును, దిగువవారి శాపమును రెండును వానికే. ఊరి నీటికి వేళ కావలెనన్నచో ముందు వానికి వేళకు జీతమీయవలెను.

పెన్నకు వరదలు వచ్చిన 2021 నవంబరులో పడుగుపాడువద్ద రైలుకట్టయే తెగినది. ఊళ్ళ చుట్టును నీరు నిలిచియుండగా త్రాగుటకు నీటిడబ్బాలు పంచవలసివచ్చినది. నదిలో నీరుండుట వేరు, ఇంట నీరుండుట వేరు. ఈ రెంటి నడుమనున్న గొట్టమును, వాల్వును, మనిషిని చక్కబెట్టుటయే పాలన.

కావున గ్రామీణ నీటిసరఫరా శాఖవారికిని, పంచాయతీలకును, నగరపాలక సంస్థకును నేను చేయు మనవి ఇది. ప్రతి పథకమునకు కొస కుళాయి ఏదో గుర్తించి దానికి సంఖ్య వేయుడు. అక్కడ నీరు వచ్చిన వేళను, ఆ ధార బిందె నింపిన కాలమును, క్లోరిను మిగిలిన మేరను ప్రతిదినమును వ్రాయించి పంచాయతీ గోడమీద పెట్టుడు. వ్రాయుపనిని ఆ కుళాయివద్ద నీరు పట్టు ఆడువారిలో ఒకరికే వేతనముతో అప్పగింపుడు. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ముందు ఆ కొసకు పోయి, పిదప ట్యాంకువద్దకు రావలెను. గ్యాసు ఏజెన్సీలవారు సిలిండరును తారురోడ్డున కాక గడపలో దింపవలెను, అక్కడనే తూచి ఇయ్యవలెను, ఓటీపీకి ఇల్లాలి పేర రెండవ ఫోను సంఖ్యను నమోదు చేసికొనవలెను. ఇక చదువరులారా, మీలో ఎవరి యింటనైనను వీధి గొట్టమునకు నేరుగా మోటారు బిగించియున్నచో, దానిని నేడే విప్పివేయుడు.